పచ్చని పసివాడు

మన ఇళ్ళలో పసుపు శుభానికి గుర్తు. గడపకు పసుపు, తాళికి పసుపు, శుభలేఖ అంచుకు పసుపు. అయితే పొత్తిళ్ళలోని బిడ్డ ఒళ్ళు పసుపుపచ్చగా తిరిగితే మాత్రం ఆ ఇంట అందరి ముఖాలూ తెల్లబోతాయి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. పసివాడి దగ్గర ఆ సామెత తిరగబడుతుంది. వాడికేమీ తెలియదు, చూసుకోవలసింది లోకమే.

మా అక్క లేదు. అందుచేత దాని కూతురికి పుట్టిల్లంటే ఘట్‌కేసర్‌లోని మా ఇల్లే. మొన్న కానుపై ఇంటికి వచ్చిన మర్నాడే, అంటే మూడోనాడు, బిడ్డ ముఖమూ రొమ్మూ పచ్చబడ్డాయి.

"పొద్దుగాల ఎండల పండబెట్టుండ్రి, అదే పోతది. నీ తమ్మునికి గట్లనే పోయింది" అంది అమ్మ. పక్కింటావిడ పసరు పోసేవాడి పేరు చెప్పింది. మరొకావిడ గ్లూకోజు నీళ్ళంది. అల్లుడు మాత్రం ఏమీ అనలేదు. ఉప్పల్‌లో చిన్న బడిలో లెక్కల మాస్టారతను. కానుపు ఖర్చుకే చీటీ ఎత్తాడు. ఇప్పుడు దవాఖానాలో పెడితే గదికింత, దీపానికింత, పరీక్షకింత అని ఒక కాగితం మీద వేసుకుంటూ కూర్చున్నాడు.

అమ్మ మాట బొత్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. 1956 ప్రాంతంలో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు పసిబిడ్డలను ఆరుబయట ఎండకు తీసుకువెళ్ళేది. ఒకనాడు ఒక బిడ్డను డాక్టర్లకు చూపించింది. ఒళ్ళంతా పచ్చదనం విరిగిపోయి, దుప్పటి మూల కప్పిన చోట మాత్రం పచ్చగా మిగిలిందట! అక్కణ్ణించి పరిశోధన సాగి, 1958లో డాక్టర్ క్రెమర్ బృందం లాన్సెట్ పత్రికలో వ్యాసం ప్రకటించింది. నేటి నీలిదీపాలకు అదే పునాది.

అయితే పనిచేసేది ఎండ వేడిమి కాదు, వెలుతురులోని నీలికాంతి. రక్తంలో చేరిన బిలిరుబిన్ అనే పచ్చపదార్థాన్ని అది శరీరం బయటికి పంపగల రూపంలోకి మారుస్తుంది. దీపానికి కొలత ఉంది, ఎండకు లేదు. లేత చర్మం కమిలిపోవచ్చు. బట్ట తీస్తే బిడ్డ చల్లబడిపోనూవచ్చు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఎండ చూపిస్తున్నాం కదా అన్న ధీమాతో పరీక్ష మానుకోవడం. బిలిరుబిన్ మితిమీరితే మెదడుకెక్కుతుంది. వినికిడి పోవచ్చు, కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పవచ్చు. అలా పోయింది తిరిగి రాదు.

ఆ సాయంత్రమే డాక్టరుగారికి చూపించాం. రక్తపరీక్షలో అంకె ఎంతో చూసి ఊరుకోలేదాయన; బిడ్డ పుట్టి ఎన్ని గంటలైందో లెక్కకట్టి, పట్టికలో గీతకు పైనుందో కిందనుందో చూశాడు. కిందనే ఉంది. "ఇవాళ దీపం అక్కర్లేదు. పాలు బాగా పట్టండి. రేపు మళ్ళీ తీసుకురండి" అన్నాడు.

ఇంటి వైద్యమంటే ఇదీ. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తల్లిపాలు. పాలు పడితే విరేచనమవుతుంది, పచ్చపదార్థం దానితో పోతుంది. పేగులోనే నిలవుంటే మళ్ళీ రక్తంలోకి పీల్చుకుంటుంది. గ్లూకోజు నీళ్ళతో కడుపు నిండుతుందే గాని ఈ పని జరగదు. మావాడు కుంభకర్ణుడి వంశం. అరికాలు గీరి లేపడం నా ఉద్యోగం. ఎన్నిసార్లు తాగాడో, ఎన్ని గుడ్డలు తడిపాడో అల్లుడు తన లెక్కల కాగితం వెనకవైపే రాశాడు. మర్నాడు అంకె దాదాపు అలాగే ఉంది. ఆరోనాటికి దిగింది. రక్తపరీక్షలూ ఆటో చార్జీలూ తప్ప వేరే ఖర్చు లేదు.

నీలిదీపాన్ని ఇంట్లోనే పెట్టుకోవచ్చని కొందరంటారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో ఇందుకు ఒప్పుకున్న మాట నిజమే. కాని నెలలు నిండి, హుషారుగా పాలు తాగుతూ, వేరే ముప్పు లేని బిడ్డకే. అదీ రోజూ రక్తపరీక్ష చేయించే షరతు మీద. డాక్టరు చెప్పకుండా దీపం అద్దెకు తెచ్చుకుంటే అది పొదుపు కాదు.

పుట్టిన ఇరవైనాలుగు గంటల్లోపే పచ్చబడినా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా, బిడ్డ పాలు మాని మగతగా పడివున్నా, విల్లులా వెనక్కి విరుచుకుని కీచుగా ఏడ్చినా మరునాటి దాకా ఆగరాదు. విరేచనం తెల్లసున్నంలా ఉంటే అది వేరే జబ్బు, కాలేయానిది, అదీ తొందరే.

మా కాలేజీ గుమాస్తా మనుమడు మొదటిరోజే పచ్చబడ్డాడు. తల్లిది ఓ గ్రూపు, బిడ్డది బి. డబ్బుకు తడుముకుంటుంటే ఆశా కార్యకర్త గుర్తుచేసింది: 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సర్కారు దవాఖానాలో ఇలాంటి పసివాళ్ళకు పరీక్షలూ మందులూ వైద్యమూ ఉచితం, తీసుకుపోయే బండితో సహా. ఆ రాత్రే బయలుదేరారు. వాడు కళ్ళకు గంతలు కట్టించుకుని, నీలివెలుతురులో రెండు రోజులు పడుకుని ఇంటికొచ్చాడు.