తుపాకికి అసలు శత్రువు

ఉర్దూలో యుద్ధాన్ని తెలిపే మాట ఒకటి, తుప్పును తెలిపే మాట ఒకటి ఉన్నవి. ఆ భాషలో వాటి వ్రాత వేరు, ఉచ్చారణ వేరు. తెలుగు లిపిలో వ్రాయబోతే మాత్రం రెండూ ‘జంగ్’ అనే ఒకే రూపం దాల్చుతవి. ఉభయ భాషల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చునే మన కళాశాలలో ఇది వినోదంగా తోచవచ్చును. కాని ఆయుధాన్ని స్వయంగా శుభ్రపరచినవారికి ఇది వట్టి చమత్కారం కాదు. శాంతికాలంలో తుపాకి చేసే యుద్ధమంతా తుప్పుతోనే.

ఎన్.సి.సి. శిబిరంలో నేను విడదీసి తిరిగి కూర్చడం నేర్చుకొన్న ఆయుధం ఎస్.ఎల్.ఆర్., అనగా సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. 1962 చైనా యుద్ధంలో మన సైనికులు చాలామంది ప్రతి తూటాకు బోల్టును చేతితో లాగవలసిన .303 రైఫిళ్లతోనే పోరాడినారు. ఆ తరువాత బెల్జియం నమూనా ననుసరించి ఈ 7.62 మి.మీ. రైఫిలును బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారంలో విరివిగా తయారుచేసినారు. ట్రిగ్గరు ఒకమారు నొక్కితే ఒక గుండే వెడలుతుంది. తరువాతి తూటాను మాత్రం తుపాకి తానే ఎక్కించుకొంటుంది. గుండును తరిమిన వాయువులో కొంత, గొట్టానికి గల రంధ్రం గుండా వచ్చి పిస్టన్‌ను వెనుకకు నెట్టడమే అందలి కిటుకు.

ఆ వాయువు వెంట మసి కూడ వస్తుంది. మసి పేరుకొన్నకొద్దీ పిస్టన్ మందగిస్తుంది. ఖాళీ తూటా బయట పడక ఇరుక్కొంటుంది. అప్పుడు గ్యాస్ రెగ్యులేటరును త్రిప్పి వాయువు పాలు పెంచితే పని నడుస్తుంది. అయితే శుభ్రపరచకుండ ఊరక త్రిప్పుతూ పోవడం జ్వరానికి కారణం వెదకకుండ దుప్పటి కప్పడం వంటిది.

అరుగుదల మరొక సంగతి. స్ప్రింగులు అణగి అణగి బలం కోల్పోతవి. ఖాళీ తూటాను పట్టి లాగే కొక్కెం అంచు మొద్దుబారుతుంది. క్రింద పడిన మ్యాగజైను పెదవులు వంగి తూటాను సరిగా అందించవు. బ్రీచి మూసుకొని బిగిసే చోటి అరుగుదల కంటికి కానరాదు. దానిని ఆర్మరరు గేజితో కొలచి తెలుసుకోవలసినదే.

ఇక మన ప్రాంతపు గాలి సంగతి. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ కొల్లేరు పరచుకొని ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు అందులో కలుస్తవి. ఉప్పుటేరు దాని నీటిని సముద్రానికి చేరుస్తుంది. ఇక్కడి గాలిలోని తేమ ఇనుమును ఏమి చేయగలదో, వానకాలంలో ఏలూరు, తాడేపల్లిగూడెం వీధులలో సైకిలు చువ్వలను చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. చెమట చేతితో తాకిన చోట నూనెగుడ్డతో తుడవకుంటే వ్రేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుంది. వెనుకటి .303 తూటాల రంజకం కాలినపుడు గొట్టంలో ఒక విధమైన ఉప్పు మిగిలేది. ఉప్పు నూనెకు కరగదు, నీటికే కరుగుతుంది. కనుకనే మరగిన నీటితో గొట్టం కడిగి, ఆరిన పిమ్మట నూనె పూసేవారు.

శుభ్రపరచడం వలన కూడ తుపాకి చెడగలదని తెలిసినపుడు నాకు ఆశ్చర్యం కలిగినది. గొట్టం గుండా చిందీగుడ్డను లాగే పుల్‌త్రూ త్రాటిని ఏటవాలుగా లాగితే, చేదత్రాడు బావి ఒరను అరగదీసినట్లు, అది గొట్టం మూతిని అరగదీస్తుంది. గుండు తుపాకిని విడిచే కడపటి చోటు అదే. అది అరిగితే గురి చెడుతుంది. కావున నిర్లక్ష్యమెంత కీడో, తెలియక చేసే శ్రమ కూడ అంతే కీడు.

వీటన్నిటికీ ముందు చేయవలసిన పని ఒకటున్నది. మ్యాగజైను తీసి, గొట్టాన్ని మనుషులు లేని దిక్కుకు త్రిప్పి, తూటా నిలిచే గదిని కంటితో చూడడం. ప్రక్కవాడు “ఖాళీయే” అన్నా మా ఉస్తాద్ ఒప్పుకొనేవారు కాదు. తుపాకి చేతులు మారిన ప్రతిసారీ క్రొత్తగా చూడవలసినదే. మిత్రుని ప్రాణం ఆ ఒక్క చూపుపై ఆధారపడి ఉన్నదని ఆయన ఎన్నడూ ఉపన్యసించలేదు. చూచేవరకు మమ్ములను కదలనిచ్చేవారు కాదు, అంతే.

గురి బాగుగా కొట్టినవానికి పతకం లభిస్తుంది, కవాతుకు చప్పట్లు లభిస్తవి. సాయంకాలం చాపపై కూర్చుండి పిస్టన్‌పై మసి తుడిచేవానిని చూచేవారుండరు. కాని మరునాడు ఆ తుపాకిని అందుకొనేవాడు అతనినే నమ్ముకొని ఉంటాడు. కళాశాల కార్యవర్గంవారు వార్షికోత్సవ బహుమతులలో ఆయుధాన్ని ఉత్తమంగా సంరక్షించిన క్యాడెట్‌కు కూడ ఒక చిన్న బహుమతి చేర్చగలరని మనవి.