చేతికి తగలాల్సిన గుండీ

2024 జనవరి 20, శనివారం

మనవరాలు శ్రావ్యని వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శనకి తీసుకెళ్ళాను. ఎయిరిండియా కొత్త ఏ350, బోయింగ్ 777ఎక్స్ మన బేగంపేటలోనే నిలబడి ఉంటే ఎంత సంతోషమో! 2008 మార్చిలో రాకపోకలన్నీ శంషాబాద్‌కి పోయాక ఇంత పెద్ద విమానాలు ఇక్కడ కనబడేది ఈ ప్రదర్శన పుణ్యమా అనే.

శ్రావ్య మాత్రం ఒక స్టాల్లో వీఆర్ హెడ్‌సెట్ దగ్గర ఆగిపోయింది. పెట్టుకుని టేకాఫ్ చేసింది, ఎడమకి తిప్పింది. దిగేసరికి మొహం పాలిపోయింది. "తాతయ్యా, కడుపులో తిప్పుతోంది" అని అక్కడే కూలబడింది.

ఆ తిప్పుడు సంగతి నాకు కొత్త కాదు. విమానం ఒరిగిందని కన్ను చెబుతుంది, కుర్చీ కదల్లేదని లోచెవి చెబుతుంది. రెండిటికీ పొత్తు కుదరకపోతే కడుపు తిరగబడుతుంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ శిక్షణ కేంద్రంలో సిమ్యులేటర్ల మరమ్మతులు చూసినన్నాళ్ళూ మా పాట్లన్నీ ఆ చెవిని ఒప్పించడానికే. తెర మీద విమానం రన్‌వే పట్టుకుని దూసుకుపోతుంటే, కింద ఆరు హైడ్రాలిక్ కాళ్ళు మొత్తం గదిని తెలిసీ తెలియకుండా వెనక్కి వంచుతాయి. ఒంటి బరువు వీపు మీదికి వస్తుంది. పైలట్‌కి అది వేగంలాగే ఉంటుంది. గది కదిలేది పిసరంతే, అయినా చెవి నమ్ముతుంది.

ఫిబ్రవరి 3, శనివారం

శాన్‌హోసే నుంచి మావాడు కిరణ్ ఫోన్. నిన్న అక్కడ యాపిల్ విజన్ ప్రో అమ్మకానికి వచ్చింది. షాపులో పెట్టుకుని చూశాడట. 3,499 డాలర్లు, అంటే మన లెక్కన రమారమి 2 లక్షల 90 వేలు. బరువు 600 గ్రాములకు పైనే, బ్యాటరీ వేరే, దాన్ని జేబులో వేసుకోవాలి. చూపుతోనే ఎంచుకోవచ్చు, రెండు వేళ్ళు కలిపితే నొక్కినట్టు. వాడు అదే పనిగా దాని గురించి చెప్పాడు.

నన్ను పట్టుకున్నది ఒక్క అంకె. కెమెరా చూసిన దృశ్యం కంటి ముందుకి 12 మిల్లీసెకన్లలో వస్తుందని కంపెనీ చెబుతోంది. మా రోజుల్లో, అందరికన్నా పై తరగతి సిమ్యులేటర్‌కి కూడా, కంట్రోలు కదిపాక తెర, గది స్పందించడానికి 150 మిల్లీసెకన్ల దాకా గడువు. అందులోనే ఉంచడానికి రాత్రుళ్ళు కూర్చున్నాం. విమానం బరువైనది, అది మెల్లగా స్పందించినా చెల్లుతుంది. తలకాయ అలా కాదు. చటుక్కున తిరుగుతుంది, బొమ్మ కాస్త వెనకబడితే చాలు, కళ్ళు తిరుగుతాయి. ఇంత పనిని ఒక కళ్ళజోడులో ఇమిడ్చినవాళ్ళకి మనస్ఫూర్తిగా దండం పెడతాను.

ఫిబ్రవరి 11, ఆదివారం

శ్రావ్య తన పైలట్ శిక్షణకి పనికొస్తుందని స్నేహితురాలి దగ్గర హెడ్‌సెట్ అడిగి తెచ్చుకుంది. మా ప్రకాష్‌నగర్ ఇంట్లో, సెస్నా 172 కాక్‌పిట్ పోస్టరు అంటించిన గోడ ముందే కుర్చీ వేసుకుని చెక్‌లిస్టు చదువుతూ కూర్చుంది. నేను ఆమె చేతులే చూస్తున్నాను. థ్రాటిల్ కోసం గాల్లోకి చెయ్యి చాస్తుంది, వేళ్ళు ముడుస్తుంది, లాగుతుంది. వేళ్ళ మధ్య ఏమీ లేదు.

నాకు నచ్చనిది అదే. ఆ విమానంలో థ్రాటిల్ నల్ల గుండీ, దాని పక్కనే మిక్స్చర్ ఎర్ర గుండీ. ఒకటి లాగబోయి రెండోది లాగితే ఇంజన్ ఆగిపోతుంది. అందుకే ఎర్రదాని అంచు నొక్కులు నొక్కులుగా చేస్తారు. చూపు బయట రన్‌వే మీద ఉండగా ఏది ఏదో వేళ్ళే చెప్పాలి. రంగు తెలిస్తే చాలదు, ఆ నొక్కులు వేళ్ళకి తెలియాలి. గాల్లో చిటికెలు వేసి నేర్చుకున్న చెయ్యి నిజం విమానంలో తడబడుతుంది.

1929లో ఎడ్విన్ లింక్ తన తండ్రి ఆర్గన్ ఫ్యాక్టరీలోని గాలితిత్తులతో తన మొదటి పైలట్ ట్రైనర్ కట్టాడు. అందులో బయట ప్రపంచపు బొమ్మ లేనేలేదు. చేతిలో స్టిక్కు, కింద కదిలే డబ్బా. రెండో ప్రపంచ యుద్ధకాలపు పైలట్లు దాని మీదే మీటర్లు చూసి నడపడం నేర్చుకున్నారు.

ఆగస్టు 4, ఆదివారం

మంచి వార్త. స్విట్జర్లాండ్‌వాళ్ళ వీఆర్ హెలికాప్టర్ సిమ్యులేటర్‌ని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ కూడా గుర్తించింది. యూరప్ 2021లోనే ఒప్పుకుంది. రాబిన్సన్ ఆర్22 హెలికాప్టర్‌ది అది. లోపల ఏముందో చూస్తే నా ప్రాణం లేచొచ్చింది. తలకి హెడ్‌సెట్టే గానీ సీటూ, స్టిక్కూ, పెడళ్ళూ అసలువాటి కొలతలకే ఉన్నాయి. కింద ఆరు కాళ్ళ మీద కదిలే వేదిక కూడా ఉంది. పెద్ద తెరలు, ప్రొజెక్టర్లు తీసేసి ఆ ఖర్చు మిగిల్చారు. చేతినీ చెవినీ మాత్రం వదిలెయ్యలేదు.

ఈ దారి మనకి కావాలి. పైలట్ చదువంటే ఇల్లు తాకట్టు పెట్టడమేనని తెలిసీ పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రుల్ని చూస్తూనే ఉన్నాను. పెద్ద సిమ్యులేటర్ కోట్ల మాట. కాళ్ళ వేదిక నేను కట్టలేను కానీ, చేతి సంగతి చూడగలను.

రసూల్‌పురా వడ్రంగి చెక్క ప్యానెల్ తెచ్చి బిగించాడు. శ్రావ్య శిక్షణ విమానంలో టేపు పెట్టి కొలిచిన కొలతలే. రెండు గుండీలకీ సైకిల్ బ్రేకు తీగలు వేసి బిగువు పెట్టాను, ఎర్రదాని అంచుకి ఆకురాయితో నొక్కులు పెట్టాను. సాఫ్ట్‌వేర్‌లో బొమ్మని జరిపి జరిపి చెక్కకి సరిపెట్టింది శ్రావ్య. హెడ్‌సెట్ పెట్టుకుని చెయ్యి చాచింది, నల్లదాన్ని పట్టుకుంది. పక్కదాన్ని తడిమి, "ఇది మిక్స్చర్, తాతయ్యా" అంది, అటు చూడకుండానే.

ఇంకా ఫ్యూయల్ సెలెక్టర్ మిగిలింది. నేల మీద, రెండు సీట్ల మధ్యన రావాలి. కొలతలు బుధవారం తెస్తానంది.