దేనికంటే నయం?

మా ఇంట్లో పొగకి మూడు తరాల చరిత్ర ఉంది. మామ్మది లంక పొగాకు చుట్ట. నాన్నది ఫిల్టర్ సిగరెట్. మా పిన్ని కొడుకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, వాడిది పెన్‌డ్రైవ్ లాంటి వేప్, మామిడిపండు వాసన. ముగ్గురిదీ ఒకటే మాట, తమది పక్కవాళ్ళ దానికంటే నయమని. సిగరెట్ అంటే కాయితం పొగ, చుట్టయితే ఒట్టి ఆకు అనేది మామ్మ. చుట్ట మొరటు, సిగరెట్‌కి ఫిల్టర్ ఉంటుందిగా అంటారు నాన్న. తమ్ముడయితే “అన్నయ్యా, ఇది అసలు పొగే కాదు, ఆవిరి” అంటాడు.

ఈ ‘నయం’ అన్న మాట గురించి కూర్చుని ఆలోచించాల్సిన అవసరం ఈ మధ్యే వచ్చింది. నాన్నకి అరవై నిండాయి. రోజుకి పది పన్నెండు సిగరెట్లు. పోయిన చలికాలంలో పిల్లికూతలు మొదలైతే రాజమండ్రిలో డాక్టరు ఊపిరితిత్తుల పరీక్ష చేసి సీఓపీడీ అన్నారు, వెంటనే మానేయమన్నారు. ఆ రాత్రే ఫోన్. “ఏరా అబ్బాయ్, అదేదో కరెంటు సిగరెట్టంట కదా, హైదరాబాదులో దొరుకుద్దేమో చూడు. దాంతో ప్రమాదం లేదంట.” కంప్యూటర్ల ఉద్యోగం కాబట్టి ఛార్జింగ్ పెట్టే వస్తువు ఏదైనా నాకు తెలిసే ఉంటుందని ఆయన నమ్మకం. నాకు తెలీదు. అందుకే చదవడం మొదలుపెట్టాను.

చదువుతుంటే అర్థమైందేమిటంటే, చుట్ట నించి వేప్ దాకా ఉన్నది ఒకే కథ. ఆ కథలో మొదటి రెండు అంకాలు మా గోదావరి జిల్లాల్లోనే పండుతాయి.

మొదటి అంకం లంకల్లో. వరద తీసేశాక మిగిలిన ఒండ్రులో పెరిగే పొగాకు అది. ఘాటైన ఆకు. దాని పొగ రసాయనికంగా క్షార గుణం కలది. క్షార పొగలో నికోటిన్ స్వేచ్ఛగా ఉంటుంది, గొంతుని కోసేస్తుంది. అందుకే చుట్ట తాగేవాళ్ళు ఆ పొగని సాధారణంగా గుండెల నిండా పీల్చరు, నోట్లో ఉంచుకుని వదిలేస్తారు. నికోటిన్ నోటి పొరలోంచే రక్తంలోకి వెళ్తుంది. ప్రమాదం కూడా నోటి దగ్గరే కాపేస్తుంది. మామ్మ నాట్లకి వెళ్ళినప్పుడు నిప్పు కొసని నోట్లోపలికి పెట్టుకుని తాగేది. అదే అడ్డపొగ. గాలికి ఆరదు, చేతులు ఖాళీగా ఉంటాయి. అంగిలికి అంగుళం దూరంలో నిప్పు. ఈ అలవాటు ఉత్తర కోస్తాలో మరీ ఎక్కువ. పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు అక్కడ 10,169 మంది గ్రామస్థుల్ని పరీక్షించి, అంగిలి మీద వచ్చే మార్పుల గురించి 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కేన్సర్‌లో రాశారు. నోటి కేన్సర్ల గురించి చదివేవాళ్ళకి ఆంధ్ర పేరు ఇప్పటికీ ఇలాగే తగులుతూ ఉంటుంది.

రెండో అంకం మెట్టలో. దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం వైపు బస్సులో వెళ్తే పొలాల మధ్య కిటికీల్లేని మేడల్లాంటి బ్యారన్లు కనిపిస్తాయి. అక్కడ పండేది వర్జీనియా పొగాకు. ఆకుని కర్రలకి కట్టి లోపల వేలాడదీసి, బయట పొయ్యి వేసి, గొట్టాల ద్వారా వేడిని పంపి ఆరబెడతారు. పొయ్యి పొగ ఆకుకి తగలదు. ఆ వేడిలో ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారి, ఆ చక్కెర అలాగే నిలిచిపోతుంది. ఫలితంగా ఈ ఆకు పొగకి కాస్త ఆమ్ల గుణం వస్తుంది. నికోటిన్ లవణం రూపంలో ఉంటుంది కాబట్టి గొంతు తిరగబడదు. హాయిగా ఊపిరితిత్తుల అడుగు దాకా లాగొచ్చు. అక్కణ్ణించి మెదడుకి కొన్ని సెకన్ల ప్రయాణం. చుట్టకంటే సిగరెట్ ‘మెత్తన’ అని నాన్న అనేది దీన్నే. ఆ మెత్తదనమే ప్రమాదాన్ని నోటి నించి ఊపిరితిత్తుల్లోకి దింపింది.

మూడో అంకం మా మట్టిలో పండలేదు. 2003 ప్రాంతంలో హోన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు ఇప్పుడు మనం చూస్తున్న ఇ-సిగరెట్‌కి రూపం ఇచ్చాడు. తొలి పరికరాల్లోని నికోటిన్ మళ్ళీ గొంతు పట్టేసేది. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ దీనికి విరుగుడు పట్టింది. నికోటిన్‌కి బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణం చేసింది. అంటే జంగారెడ్డిగూడెం బ్యారన్‌లో వేడి, చక్కెర కలిసి చేసే పనిని ఒక సీసాలో చేసి పెట్టింది. ఐదు శాతం నికోటిన్ ఉన్న ద్రవం కూడా దగ్గు రాకుండా దిగిపోతుంది. 2019 నాటికి అమెరికా హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది గత నెల రోజుల్లో వేప్ చేశామని చెప్పారు.

మూడు అంకాల్లోనూ గొంతుకి నయమవుతూ వచ్చింది. అలవాటుకి ఇంకా ఎక్కువ నయమైంది. మొదటి దమ్ముకి వచ్చే ఆ దగ్గు ఒక కాపలాదారు. తరం తరానికీ మనం దాన్ని మరింత మర్యాదగా పక్కకి తప్పించాం.

ఇంతవరకూ చదివి, అయితే వేపూ సిగరెట్టూ ఒకటే అని నేను చెప్పబోతున్నానని మీరనుకుంటే, కాదు. అలా చెప్తే అబద్ధమే అవుతుంది. దమ్ము లాగేటప్పుడు సిగరెట్ కొస దాదాపు 900 డిగ్రీలకి చేరుతుంది. ఆ కాలడంలోంచే తారు, కార్బన్ మోనాక్సైడ్, వేల రసాయనాలు పుడతాయి. వాటిలో కనీసం 70 కేన్సర్ కారకాలు. వేప్‌లో కాలడం లేదు, వేడెక్కడమే. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, సువాసన. తీగ మరీ వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ పుడుతుంది, నికెల్, క్రోమియం లాంటి లోహాలు కొద్దిగా కలుస్తాయి, తినడానికి పనికొచ్చే సువాసన పీల్చడానికి పనికొస్తుందన్న హామీ ఏమీ లేదు. అయినా సిగరెట్ తాగేవాడు పూర్తిగా వేప్‌కి మారిపోతే ఒంట్లోకి వెళ్ళే విషాలు బాగా తగ్గుతాయి. ఇందులో పెద్ద వివాదం లేదు.

వివాదమంతా ఎంత తగ్గుతుందన్న దగ్గరే. 95 శాతం తక్కువ హాని అన్న అంకెని 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ బాగా ప్రచారం చేసింది. దాని వెనక 2013లో పన్నెండుమంది నిపుణులు ఒకచోట కూర్చుని వేసుకున్న మార్కులున్నాయి. అంటే అది ఒక అంచనా, కొలత కాదు. మా ఆఫీసులో కొత్త ప్రాజెక్టుకి ఎన్ని రోజులు పడుతుందో మేం వేసే లెక్కలాంటిదే. అది తప్పని కాదు. కానీ అంచనాని కొలతగా చదవకూడదు. నలభై ఏళ్ళు వేప్ చేసిన మనిషి ఇంకా ఈ భూమ్మీద లేడు.

మానేయడానికి పనికొస్తుందా అంటే, పనికొస్తుంది. 2019లో బ్రిటన్‌లో 886 మంది మీద చేసిన ప్రయోగంలో ఇ-సిగరెట్ తీసుకున్నవాళ్ళలో 18 శాతం, నికోటిన్ గమ్, పట్టీల్లాంటివి వాడినవాళ్ళలో 9.9 శాతం ఏడాది తర్వాత సిగరెట్‌కి దూరంగా ఉన్నారు. కానీ అలా మానేసినవాళ్ళలో మొదటి గుంపులో 80 శాతం మంది అప్పటికీ వేప్ వదల్లేదు. రెండో గుంపులో గమ్, పట్టీలు వదలనివాళ్ళు 9 శాతమే.

మరి నాన్నకి ఒకటి తెచ్చిపెట్టొచ్చు కదా? ఇక్కడ చట్టం అడ్డొస్తుంది. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం. మన దేశంలో ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. కిళ్ళీ కొట్లో సిగరెట్ మాత్రం పగలంతా దొరుకుతుంది. పొగాకు బోర్డు వేలం పాటలు నడుస్తాయి, రాజమండ్రిలో పొగాకు పరిశోధనకి 1947 నించీ కేంద్ర సంస్థే ఉంది. ఎక్కువ హాని చేసేదానికి లైసెన్సు, తక్కువ హాని చేసేదానికి జైలు! నాన్నని చూస్తే ఇది అన్యాయం అనిపిస్తుంది. తమ్ముణ్ణి చూస్తే మాత్రం ఆ నిషేధం ఎందుకో అర్థమవుతుంది.

అయినా ఆ నిషేధం తమ్ముడి జేబులోకి వేప్‌ని రానివ్వకుండా ఆపలేదు. అందులో ఏం పోశారో అడిగే వీలు మాత్రం లేకుండా చేసింది. అమెరికాలో 2020 ఫిబ్రవరి నాటికి వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,807 మంది ఆస్పత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. చాలావరకు కారణం, గంజాయి సారం ఉన్న దొంగ కార్ట్రిడ్జుల్లో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్. దుకాణంలో కొన్న మామూలు నికోటిన్ వేప్‌ది ఆ కథ కాదు. కానీ లేబుల్‌ని నమ్మలేని సరుకు ఏం చేయగలదో అది చెప్తుంది. మనకి ఇక్కడ దొరికేదంతా అలాంటి సరుకే.

తమ్ముడు సిగరెట్ ఎప్పుడూ తాగలేదు. ‘సిగరెట్ కంటే నయం’ అని వాడంటుంటే నాకు కన్యాశుల్కం గుర్తొస్తుంది. గిరీశం దగ్గర వెంకటేశానికి అబ్బిన చదువుల్లో పొగ తాగడం ఒకటి, అదీ నాగరికత పేరుతో. వాడితో ఒకటే అన్నాను. “ఒరేయ్, నాన్న పోల్చుకోవాల్సింది సిగరెట్‌తో. నువ్వు పోల్చుకోవాల్సింది ఒట్టి గాలితో.” వాడు నవ్వి ఊరుకున్నాడు. కానీ క్లాసు మధ్యలో రెండుసార్లు బాత్రూముకి వెళ్ళాల్సి వస్తోందని వాడే తర్వాత చెప్పాడు.

నాన్నకి వేప్ తేలేదు. బ్రిటిష్ డాక్టర్లని యాభై ఏళ్ళు గమనించి 2004లో ప్రచురించిన లెక్క చెప్పాను. ముప్ఫైలో మానేస్తే సుమారు పదేళ్ళ ఆయుష్షు తిరిగొస్తుంది, నలభైలో తొమ్మిది, యాభైలో ఆరు, అరవైలో మూడు. “మూడేనా?” అన్నారు. కాసేపు ఆగి, “మూడంటే మీ చెల్లి కూతురు బళ్ళో పడుద్ది” అన్నారు. సిగరెట్ పెట్టె మీద అచ్చేసే 1800-11-2356కి ఆయనే ఫోన్ చేసుకున్నారు. డాక్టరు నికోటిన్ గమ్ రాశారు. మొదటి వారం దాన్ని కిళ్ళీలా నమిలేసి కడుపులో తిప్పిందన్నారు. కాస్త నమిలి దవడ పక్కన పెట్టుకోవాలని తర్వాత నేర్చుకున్నారు.

ఇప్పటికి ఎనిమిది వారాలు. పన్నెండు కాస్తా రెండయ్యాయి, పొద్దున టీతో ఒకటి, రాత్రి గేటు దగ్గర ఒకటి. రోజుకి ఒక్క సిగరెట్ తాగినా గుండెజబ్బు విషయంలో ఇరవై తాగేవాడికుండే అదనపు ప్రమాదంలో సగం దాకా ఉంటుందని 2018లో బీఎంజేలో వచ్చిన విశ్లేషణ. అది చదివి వినిపిస్తే ఆయనకి కోపం వచ్చింది, పన్నెండు నించి రెండుకి వచ్చానురా అని. నిజమే. ఆ రెండు గురించే ఇప్పుడు మా ఇద్దరికీ గొడవ.