లెఫ్ట్ కార్నర్

సంక్రాంతి ఇంకా మూడు వారాలుందనగా, ఓ ఆదివారం పొద్దున టెక్సాస్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. మామూలుగా ఆదివారం ఫోనంటే బీపీ మాత్ర వేసుకున్నావా, మోకాళ్లు ఎలా ఉన్నాయి అనే వరసలో నడుస్తుంది. ఆ రోజు అవేవీ లేవు. "నాన్నా, వాణ్ణి తీసుకోలేదు" అంది.

వాడంటే నా మనవడు. అక్కడే పుట్టాడు. ఏడో ఏట టెన్నిస్ రాకెట్ పట్టాడు. శనివారం వచ్చిందంటే మా అల్లుడు కారులో కూర్చోబెట్టుకుని ఏ ఊళ్లో టోర్నమెంటుంటే ఆ ఊరికి తిప్పాడు. వాళ్లు తిరిగిన పెట్రోలు ఖర్చుతో ఇక్కడ నాలుగు ఎకరాలు వచ్చేవని నేను ఒకసారి హాస్యమాడితే మా అమ్మాయికి కోపమొచ్చింది. ఇంటికి దగ్గర్లోని యూనివర్సిటీ జట్టులో వాడికి చోటు దొరుకుతుందని నమ్ముకున్నారు. స్కాలర్‌షిప్ ఇవ్వకపోయినా పర్లేదు, సొంత ఫీజు కట్టుకుంటాం, జట్టులో ఉండనిస్తే చాలనుకున్నారు. కోచ్ మర్యాదగానే మెయిల్ రాశాడట. వచ్చే ఏడాది కొత్తగా చేరేవాళ్లు ముగ్గురు. ఒకడిది స్పెయిన్, ఒకడిది చెక్ దేశం, ఒకడిది అర్జెంటీనా.

"మేం కట్టే పన్నులతో నడిచే యూనివర్సిటీ నాన్నా. మా పిల్లాడికే చోటు లేదు. ఇది న్యాయమేనా?"

ముప్ఫై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి కాబట్టి నన్నడిగింది. న్యాయం కాదమ్మా అందామని నోరు తెరిచాను. ఎదురుగా గోడ మీద 1996 సంక్రాంతి నాటి ఫొటో కనపడింది. "సాయంత్రం మాట్లాడతాను తల్లీ" అని పెట్టేశాను.

ఫొటో సంగతి తర్వాత చెబుతాను. ముందు అమెరికా కాలేజీ టెన్నిస్ ఎలా నడుస్తుందో చెప్పాలి. మా అమ్మాయి పుణ్యమా అని ఈ నాలుగేళ్లలో నాకూ కాస్త తెలిసింది.

అక్కడ కాలేజీల మధ్య మ్యాచ్ అంటే ఆరు సింగిల్స్, మూడు డబుల్స్. డబుల్స్ మొత్తానికి ఒక పాయింటు, సింగిల్స్‌కు ఒక్కోటి. మొత్తం ఏడింటిలో ముందు నాలుగు గెలిచినవాళ్లది మ్యాచ్. అంటే కోర్టులోకి దిగేది ఆరేడుగురు. వీళ్లలో విదేశీయులు ఇన్నోవంతు మించకూడదన్న నియమం లేదు. పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఇవాళ సగానికి పైగా ఆటగాళ్లు బయటి దేశాలవాళ్లే. కోచ్‌లకు మరో సౌకర్యం వచ్చింది, యూటీఆర్ అని. ప్రపంచంలో ఏ మూల ఆడే పిల్లాడి ఆటకైనా ఒకే కొలమానంలో ఒక అంకె ఇస్తారు. అర్జెంటీనా పిల్లాడిదీ మా మనవడిదీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఎంత తేడానో దశాంశాల్లో కనపడుతుంది. కోచ్ ఉద్యోగం గెలుపు మీద నిలుస్తుంది. తక్కువ అంకె ఉన్న పక్కింటి పిల్లాణ్ణి తీసుకోవడానికి అతనికేం పట్టింది?

స్కాలర్‌షిప్పుల లెక్క మరీ చిత్రం. మొన్నమొన్నటి దాకా మగపిల్లల జట్టు మొత్తానికి నాలుగున్నర, ఆడపిల్లల జట్టుకు ఎనిమిది. నాలుగున్నరేమిటని నేను నవ్వాను. దాన్నే పదిమందికి ముక్కలు చేసి పంచేవారట, మన రేషన్ షాపులో పంచదార పంచినట్టు. 2025లో ఒక కోర్టు ఒప్పందంతో ఆ లెక్క మారింది. ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలు ఇష్టమైతే అందరికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చుకోవచ్చు, కానీ జట్టులో పదిమందికి మించకూడదు. పైకి వినడానికి బాగానే ఉంది. దెబ్బ మాత్రం మా మనవడిలాంటి వాళ్లకు తగిలింది. పదకొండోవాడిగా, పన్నెండోవాడిగా సొంత ఖర్చుతో చేరి, రెండేళ్లు బంతులందిస్తూ, సీనియర్లతో ప్రాక్టీసు చేస్తూ ఎదిగే దారి ఒకటుండేది. చాలాచోట్ల ఇప్పుడది మూసుకుపోయింది.

ఇంతవరకూ మా అమ్మాయి బాధ న్యాయంగానే ఉంది. కానీ ఇదే అమ్మాయి పన్నెండేళ్ల కిందట నాకు ఇంకో ఫోన్ చేసింది. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మన ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన రోజు. "ఈ అబ్బాయి ఇక్కడ అలబామా యూనివర్సిటీలో ఆడినవాడే నాన్నా" అని గొప్పగా చెప్పింది. తర్వాత సహజ యమలపల్లి ఆమె ఉండే టెక్సాస్‌లోనే, శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడినప్పుడూ వాట్సాప్‌లో వార్త పంపింది. అలబామాలో ఆ ఏడు సాకేత్ కూర్చున్న చోటు ఏ అమెరికా పిల్లాడిదో మేమిద్దరం ఆలోచించలేదు. ఆ పిల్లాడికీ ఒక అమ్మ ఉండే ఉంటుంది. ఆవిడా వాళ్ల నాన్నకు ఫోన్ చేసి ఇది న్యాయమేనా అని అడిగే ఉంటుంది.

ఇంకో పక్క నిశేష్ బసవరెడ్డి ఉన్నాడు. నెల్లూరు నుంచి వెళ్లిన తల్లిదండ్రుల బిడ్డ, పుట్టింది కాలిఫోర్నియా, పెరిగింది ఇండియానా. స్టాన్‌ఫర్డ్ జట్టుకు ఆడి, 2024 డిసెంబర్లో ప్రొఫెషనల్ అయ్యాడు. మరుసటి నెలే ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండులో జొకోవిచ్ నుంచి తొలి సెట్టు లాక్కున్నాడు. అమెరికా లెక్కలో అతను ఇంటి పిల్లాడు. సాకేత్ బయటివాడు. మనకు ఇద్దరూ మనవాళ్లే. అందుకే ఈ విషయంలో తెలుగువాళ్ల మాట రెండు వైపులా నడుస్తుందేమో.

లోకల్, నాన్‌లోకల్ అన్న మాట మా వైపు ఆటతో మొదలవలేదు లెండి. 1969 జనవరిలో పాల్వంచ థర్మల్ కేంద్రంలో స్థానికుల ఉద్యోగాల గొడవ రాజుకుని, ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. పెద్దవాళ్ల నోట మొదటిసారి ఆ మాట విన్నాను. తర్వాత 1984లో వైరా పక్క నుంచి దుమ్ముగూడెం రోడ్డులోని ఒక ఊరి బడికి పీఈటీగా వచ్చినప్పుడు, నాన్‌లోకల్ అంటే నేనేనని తెలిసింది. కోయ పిల్లల బడి. సార్లందరం మైదానంవాళ్లం. ఏజెన్సీలో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకేనంటూ 2000లో జీవో 3 వచ్చినప్పుడు స్టాఫ్ రూములో మావాళ్లు కొందరు గొణిగారు. 2020లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసినప్పుడు నా పాత శిష్యులు గొణిగారు. నేను మాత్రం రెండుసార్లూ పేపరు మడిచి పక్కన పెట్టాను. అప్పటికే నా ఉద్యోగం నాకు దక్కింది కదా.

ఇక ఫొటో.

మా ఊళ్లో సంక్రాంతికి మూడు రోజుల కబడ్డీ పోటీలు జరిగేవి. మట్టి కోర్టు, సున్నం గీతలు, ట్యూబ్‌లైట్లు. చుట్టుపక్కల పాతిక ఊళ్ల జట్లు వచ్చేవి. మా జట్టులో అందరూ నా దగ్గర చదువుకున్న పిల్లలే. బడైపోయాక గోదావరి ఇసుకలో వాళ్లను పరిగెత్తించేవాణ్ణి. అందులో లెఫ్ట్ కార్నర్ ఆడే పిల్లాడు వాగవతలి గుంపు నుంచి వచ్చేవాడు. మాట తక్కువ. రైడర్ కూత పెడుతూ వస్తే కళ్లలోకి చూడడు, పాదాల వైపే చూస్తాడు. మడమ దొరికిందంటే ఉడుం పట్టే. కాలు పట్టు నేను నేర్పానని చెప్పుకునేవాణ్ణి గానీ, నిజానికి అది వాడితోనే పుట్టింది.

వరసగా రెండేళ్లు ఫైనల్లో ఓడిపోయాం. 1996లో ఊరి పెద్దలు నన్ను పిలిచారు. "ఈసారి షీల్డు ఊరు దాటకూడదు సారూ, ఎంతైనా కానీయండి" అన్నారు. నేనే స్వయంగా బస్సెక్కి కొత్తగూడెం వైపు పోయి, బొగ్గు బావుల దగ్గర ఆడే ముగ్గురు గట్టి ఆటగాళ్లను మాట్లాడాను. మనిషికి మ్యాచ్‌కు మూడొందలు, రానుపోను చార్జీలు, రాత్రి కోడికూర. ముగ్గురూ ఆటలో ఆరితేరినవాళ్లు. వాళ్లను తప్పుపట్టను. డబ్బు తీసుకున్నారు, ఆట ఆడారు.

వాళ్ల కోసం మా వాళ్లు ముగ్గుర్ని పక్కన కూర్చోబెట్టాను. వాళ్లలో లెఫ్ట్ కార్నర్ ఒకడు. ముందుగా చెప్పలేదు. ఫైనల్ మొదలయ్యే ముందు పేర్లు చదివేటప్పుడు వాడి పేరు చదవలేదు, అంతే. వాళ్లమ్మా, అవ్వా ఉడకబెట్టిన కందికాయలు మూటగట్టుకుని, వాగు దాటి ఆరు కిలోమీటర్లు నడిచొచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వాడు కొత్తగూడెం ఆటగాళ్ల చెప్పులు, వాచీలు ఒళ్లో పెట్టుకుని గీత బయట కూర్చున్నాడు. గెలిచాం. షీల్డు వచ్చింది. డప్పులు మోగాయి. ఫొటో తీయించాం. ఫొటోలోని ఏడుగురిలో ముగ్గురి పేర్లు ఇవాళ ఊళ్లో ఎవర్నడిగినా చెప్పలేరు. నాకూ గుర్తులేవు.

మరుసటి ఏడాది ఆ ముగ్గురూ మనిషికి అయిదొందలిస్తామన్న పక్క ఊరికి ఆడి మమ్మల్నే ఓడించారు. అప్పటికి మా లెఫ్ట్ కార్నర్ ఇసుకలోకి రావడం మానేసి ఆర్నెల్లయింది. ఒకసారి గుంపుకు వెళ్లి పిలిచాను. "పనుంది సారూ" అన్నాడు. అంతకుమించి అనలేదు. తిడితే బాగుండేది.

అలాగని బయటివాళ్లు వద్దని గిరి గీసుకుంటే ఆట ఎదుగుతుందని నేననను. 2007లో అమెరికా కాలేజీ సింగిల్స్ ఫైనల్లో వర్జీనియా తరఫున మన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్, జార్జియాకు ఆడే అమెరికా కుర్రాడు జాన్ ఇస్నర్‌ను ఓడించాడు. ఆ ఓటమితో ఇస్నర్ పాడైపోలేదు. ప్రపంచ ర్యాంకింగుల్లో మొదటి పదిలోకి వెళ్లాడు, 2010 వింబుల్డన్‌లో పదకొండు గంటలకు పైగా సాగిన మ్యాచ్ గెలిచాడు. బయటివాడు ఎదురుగా నిలబడితే ఇంటి పిల్లాడు గట్టిపడతాడు. కాకపోతే ఇస్నర్ ఆ రోజు కోర్టులో ఉన్నాడు, ఒళ్లో చెప్పులు పెట్టుకుని గీత బయట కూర్చోలేదు. నా బుర్రకు తట్టిన తేడా అదే. మన తెలుగు టైటాన్స్ సంగతి చూడండి. ఉత్తరప్రదేశ్ రాహుల్ చౌదరి కూతకెళ్తే భద్రాచలంలో టీవీల ముందు ఈలలు వేశాం. ఇరాన్‌వాళ్లు పట్టుపడితే చప్పట్లు కొట్టాం. ఈలలు వేసే చేతులు ఎక్కువయ్యాయి. మా మట్టి కోర్టు నుంచి ఆ మ్యాట్ మీదికి ఎంతమంది వెళ్లారని ఎవరూ అడగలేదు.

సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేశాను. ఫొటో కథ చెప్పాను. ఎన్నేళ్లుగానో ఆ ఫొటో చూస్తున్నా, అందులో షీల్డు తప్ప ఏమీ కనపడలేదట తనకు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, చిన్న కాలేజీ ఒకటి పిలిచిందని చెప్పింది. డివిజన్ త్రీ. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్పులు ఉండవు, పేపర్లో పేరు రాదు. కానీ అక్కడి కోచ్ వీడి ఆట చూసి, సింగిల్స్‌లో ఐదో ఆరో స్థానంలో మొదటి ఏడాదే ఆడిస్తానన్నాడట. "వీడికి ఇష్టంగానే ఉంది, నాకే మనసొప్పడం లేదు" అంది. మనవడికి ఫోనిమ్మన్నాను. ప్రాక్టీసుకు వెళ్లాడట.

మొన్న బుధవారం భద్రాచలంలో మా ఇంటికి సంక్రాంతి కమిటీవాళ్లు రసీదు పుస్తకంతో వచ్చారు. నలుగురిలో ఒకడు మా లెఫ్ట్ కార్నర్. జుట్టు నెరిసింది. ఆటో నడుపుతాడు, రెండెకరాల పత్తి ఉంది. ఎప్పుడన్నా బస్టాండు దగ్గర ఎదురైతే నమస్కారం పెడతాడు గానీ, ఇంట్లోకి రావడం అదే మొదలు.

"జట్టు ఎట్లుంది?" అనడిగాను.

"మంచిగనే ఉంది సారూ. రైడర్లు ఇద్దర్ని కొత్తగూడెం నుంచి పిలిచినం. మనోళ్లకు కూత ఆగుతలేదు."

నేనేమీ అనకముందే మళ్లీ వాడే అన్నాడు. "పది రోజులు ముందే రమ్మన్నం. పొద్దుగాల మన పిలగాళ్లకు నేర్పాలె, అట్లయితేనే పైసలని చెప్పినం. కార్నర్లు ఇద్దరూ మనోళ్లే."

టీ తాగుతూ గోడ మీది ఫొటో చూశాడు. లేచి దగ్గరికి వెళ్లి కుడి వైపు అంచు మీద వేలు పెట్టాడు. అక్కడ ఫ్రేములో సగం తెగిపోయి ఎవరిదో భుజం కనపడుతుంది. ఇన్నేళ్లలో నేను గమనించనే లేదు.

"ఇది నేనే సారూ" అన్నాడు. కోపంగా కాదు. చూపిస్తున్నాడు, అంతే.

రెండు వేల నూటపదహార్లు ఇచ్చాను. రసీదు మీద నా పేరు రాసి, ఊరు దగ్గర కలం ఆపాడు.

"భద్రాచలం రాయనా సారూ, మన ఊరే రాయనా?"

"నీ ఇష్టం" అన్నాను.

మన ఊరే రాశాడు.