సముద్రం దాటకుండా ఎం.ఎ.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వీరిలో చాలామంది పూర్వీకులు ఉత్తరాంధ్ర తీరం నుండి వలస వచ్చినవారే. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో డిగ్నాబాద్ ఒక పేట. అక్కడి ఒక తెలుగు యువతికి విశాఖపట్నం వెళ్ళి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆర్థిక శాస్త్రం చదవాలని కోరిక ఉండేది. ఓడ ఎక్కితే రెండు మూడు రోజుల ప్రయాణం. కాని 2018లో తండ్రికి పక్షవాతం వచ్చింది. తల్లి అంతకు మునుపే గతించింది. అన్న విశాఖలో కాపురం పెట్టాడు. మంచం పట్టిన తండ్రిని విడిచి ఆమె ఓడ ఎక్కేదెలా?

అప్పటికే బి.ఎడ్. పూర్తిచేసి ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తోంది. పై తరగతులకు బోధించాలంటే ఎం.ఎ. కావాలి. అందుచేత 2019లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఆర్థిక శాస్త్రానికి చేరింది. పుస్తకాలు, పాఠాలు ఇంటర్నెట్‌లో లభిస్తాయి. పరీక్ష మాత్రం కేంద్రానికి వెళ్ళి వ్రాయవలసిందే. “ఇంట్లో కూర్చుని చదివేది కూడా ఎం.ఎ.యేనా?” అని బంధువులు పరిహసించారు. గుర్తింపు గల సంస్థలు ఇచ్చే దూరవిద్య, ఆన్‌లైన్ పట్టాలు మామూలు పట్టాలతో సమానమేనని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో మరోమారు ప్రకటించవలసి వచ్చిందంటే, ఈ సందేహం ఆ ఇంటి బంధువులది మాత్రమే కాదన్నమాట.

ఆనాడు దీవులకు ఇంటర్నెట్ ఉపగ్రహం ద్వారానే అందేది. అరగంట పాఠం చూడాలంటే సాయంకాలమంతా పట్టేది. తండ్రికి అన్నం తినిపించి, మందులు వేసి, ఆయన నిద్రపోయాక ఫోను ముందు కూర్చునేది.

అన్నిటికంటె పెద్ద బాధ, అడగడానికి మనిషి లేకపోవడం. డిమాండ్ వ్యాకోచత్వం అనే అధ్యాయాన్ని మూడుసార్లు చదివినా ఆమెకు బోధపడలేదు. చివరకు తండ్రికి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఆయన పాతికేళ్ళు చేపలు అమ్మినవాడు.

“నాలుగు బోట్లు ఒక్కపాలి వస్తే రేటు పడిపోతాది, ఇది తెలీనిదేటమ్మా?” అన్నాడాయన, మాట తడబడుతున్నా. “రేటు పెరిగితే కూలోడు పప్పు వండుకుంటాడు. హోటలోడు మాత్రం కొనక తప్పదు.”

ధర మారినప్పుడు ఎవరి కొనుగోలు ఎంత మారుతుందన్నదే గదా వ్యాకోచత్వం! ఆ రాత్రి ఆమె ఆ అధ్యాయం పూర్తిచేసింది. అటు తరువాత ప్రతి పాఠమూ ముందు తండ్రికి అప్పజెప్పేది. ఆయన ఊఁ కొట్టకపోతే తనకే సరిగా రాలేదని గ్రహించి మళ్ళీ చదివేది.

గణితం దగ్గర మాత్రం ఆయన చేతులెత్తేశాడు. పరిమాణాత్మక పద్ధతుల పరీక్షలో ఉత్తీర్ణతకు 40 మార్కులు కావాలి. ఆమెకు 33 వచ్చాయి. చదువు మానివేద్దామనుకుంది. అన్న ఫోనులో అదే సలహా ఇచ్చాడు. తండ్రి ఏమీ అనలేదు గాని, మరునాడు కూడా పాఠం కోసం ఎదురుచూశాడు.

2020 ఆగస్టు 10న చెన్నై నుండి సముద్ర గర్భంలో వేసిన కేబుల్ ప్రారంభమైంది. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. అర్థంకాని లెక్కను పదిసార్లు వెనక్కు త్రిప్పి చూసే వీలు అప్పుడు కలిగింది. కేబుల్ లెక్క చేసిపెట్టదు గదా. కలన గణితం మొదటినుండి నేర్చుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. రెండవసారి 52 వచ్చాయి.

పట్టా తపాలాలో వచ్చిన రోజున తండ్రి దానిని తిరగవేసి, అటూ ఇటూ చూసి, “ఇందులో నా పేరేదమ్మా?” అన్నాడు. తండ్రి పేరు వ్రాసిన దరఖాస్తు కాగితం తెచ్చి ఆమె ఆయన చేతిలో పెట్టింది.