నిండుగా కనిపించిన గిన్నె

పిల్లలూ, మీలో కొందరి ఇళ్ళలో రంగురంగుల చిన్న పిట్టలు ఉండే ఉంటాయి. దుకాణాలలో వీటిని లవ్ బర్డ్స్ అని అమ్ముతారు. నిజానికి ఇవి లవ్ బర్డ్స్ కావు. అసలైన లవ్ బర్డ్స్ ఆఫ్రికా పిట్టలు. మనం పెంచుకునేవి చాలా వరకు బడ్జెరిగర్లు. వీటి స్వస్థలం ఆస్ట్రేలియాలోని ఎండు మైదానాలు. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకువెళ్ళాడు. అక్కడి నుంచి ఇవి లోకమంతా వ్యాపించాయి.

వీటికి తిండి పెట్టటం చాలా తేలిక అనుకుంటాం. గిన్నెలో గింజలు పోస్తే సరి! నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందువల్ల ఏం జరిగిందో చెబుతాను, వినండి.

1996లో మేము హైదరాబాదులో, జూబ్లీహిల్స్ పక్కనున్న ఫిలింనగర్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న వడ్రంగి. స్టూడియోలలో సినిమాలకు సెట్టింగులు కట్టేవాడు. ఒకసారి నన్ను పనికి వెంట తీసుకుపోయాడు. ముందు నుంచి చూస్తే అది రాజుగారి కోట. వెనక్కు పోయి చూస్తే వెదురు బొంగులు, ప్లైవుడ్డు, మేకులు! నాకు భలే నవ్వు వచ్చింది.

నేను ఆరో తరగతిలో ఉండగా నాన్న నాకు రెండు పిట్టలు తెచ్చి ఇచ్చాడు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి నీలిది. "వీటి తిండీ నీళ్ళూ నువ్వే చూసుకోవాలె," అన్నాడు. నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

డిసెంబరులో అర్ధసంవత్సర పరీక్షలు వచ్చాయి. రోజూ పొద్దున బడికి పోతూ పంజరం వంక ఒక చూపు చూసేవాణ్ణి. గిన్నె అంచు దాకా నిండుగా ఉండేది. "ఇంకా ఉన్నాయిలే" అనుకుని వెళ్ళిపోయేవాణ్ణి. రెండో రోజు నీలి పిట్ట ఈకలు ఉబ్బించుకుని ఒక మూల కూచున్నది. చలికి అనుకున్నాను. మూడో రోజు పొద్దున అది పంజరం అడుగున పడి ఉన్నది. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు.

నేను ఏడుస్తూ నాయనమ్మను పిలిచాను. ఆమెది పాలమూరు జిల్లా. జీవితమంతా చేనులో, చేటతో గడిపిన మనిషి. ఆమె పిట్టను చూడలేదు, ముందు గిన్నె తీసి ఉఫ్ అని ఊదింది. గిన్నెలో ఉన్నదంతా గాలిలోకి లేచిపోయింది. అడుగున పది గింజలు కూడా లేవు.

"ఇండ్ల గింజలేడున్నయి బిడ్డా? అంతా పొట్టే గద!" అన్నది నాయనమ్మ.

సాయంత్రం నాన్న వచ్చి సంగతి విన్నాడు. నన్ను తిట్టలేదు. గిన్నె వంక చూసి, "ఇది మా సెట్టింగు తీరుగనే ఉన్నది," అన్నాడు, అంతే. ఆ మాట నాకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

అసలు సంగతి ఇది. ఈ పిట్టలు గింజను పొట్టుతో మింగవు. ముక్కుతో పొట్టు ఒలిచి, లోపలి పప్పు తిని, పొట్టును అక్కడే వదిలేస్తాయి. ఆ పొట్టు గింజలలాగే కనిపిస్తుంది. పిట్ట తిన్నకొద్దీ పైన పొట్టు పేరుకుంటుంది. చూసేవాడికి గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉంటుంది!

మరి రెండు రోజుల పస్తుకే చచ్చిపోతుందా అని మీరు అడగవచ్చు. ఈ పిట్ట బరువు 30, 40 గ్రాములు మాత్రమే. దాని ఒంటి వేడి మన ఒంటి వేడికన్నా ఎక్కువ, దాదాపు 41 డిగ్రీలు. చిన్న పొయ్యిలో పెద్ద మంట లాంటిదన్నమాట. కట్టెలు దాచుకునే చోటు తక్కువ. అందుకని మాటిమాటికీ తింటూ ఉండాలి. పైగా పిట్టలు నీరసాన్ని దాచుకుంటాయి. అడవిలో నీరసంగా కనిపించిన పిట్టను డేగ ముందు పట్టుకుంటుంది కదా! ఈకలు ఉబ్బించుకుని మూలన కూచున్నదంటే అప్పటికే ఆలస్యమైనదని అర్థం. వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

ఆకుపచ్చ పిట్ట బతికింది. దానికి నాయనమ్మా నేనూ కలిసి వంట మొదలుపెట్టాం. మీరూ చేయవచ్చు.

ముందు గింజలు. కొర్రలు, వరిగలు, సామలు పొట్టుతో ఉన్నవి కలిపి, ఒక్కో పిట్టకు రోజుకు రెండు చిన్న చెంచాల దాకా పోయండి. ఇవన్నీ గడ్డి జాతి గింజలే. ఆస్ట్రేలియాలో ఈ పిట్టలు తినేదీ గడ్డి గింజలే. అందుకే మన కొర్రలు వాటికి పరాయి తిండి అనిపించవు.

అయితే గింజలు ఒక్కటే పెడితే చాలదు. వాటిలో ఎ విటమిను, సున్నం తక్కువ. అందుకని మొలకలు కట్టండి. కొర్రలను రాత్రి నానబెట్టి, పొద్దున బాగా కడిగి, తడిగుడ్డలో మూట కట్టాలి. పూటకు ఒకసారి మళ్ళీ కడగాలి. తెల్లని మొలక కొంచెం కనపడగానే పెట్టవచ్చు. మనం అన్నం వండుకునే కొర్రలు పొట్టు తీసినవి, అవి మొలకెత్తవు. మూట విప్పగానే పుల్లని వాసన వస్తే మారు ఆలోచించకుండా పారెయ్యండి.

మునగాకు, కొత్తిమీర బాగా కడిగి ఒక రెమ్మ పంజరానికి కట్టండి. కారెట్ తురుము చిటికెడు పెట్టండి. వారానికి ఒకసారి గట్టిగా ఉడికిన కోడిగుడ్డు, బఠాణీ గింజంత చాలు. ఉడికిన గుడ్డు పెంకును పొడి చేసి పెడితే సున్నం అందుతుంది. మూలికల దుకాణంలో దొరికే సముద్రపు నురుగు కూడా ఇందుకు మంచిది. తడి తిండిని రెండు గంటలకు మించి పంజరంలో ఉంచకూడదు. మన మే నెల ఎండలకు ఇంకా ముందే తీసెయ్యాలి.

కొత్త తిండిని పిట్ట మొదట ముట్టదు. మా పిట్ట మునగాకు కొరకటానికి పన్నెండు రోజులు పట్టింది. అది అలవాటు పడేదాకా పాత గింజలు మానిపించకండి.

చాక్లెట్టు, కాఫీ, టీ, ఉప్పు వేసిన వంటలు, ఉల్లి, వెల్లుల్లి పెట్టకూడదు. అవకాడో పండు వీటికి విషం. వంటింట్లో పంజరం పెట్టకూడదు. నాన్‌స్టిక్ పెనం బాగా మాడితే వచ్చే పొగ మనకు తెలియకపోవచ్చు కాని, పిట్ట ప్రాణం నిమిషాలలో పోతుంది. పక్షుల ఊపిరితిత్తులు అంత సున్నితం. ఇంగ్లండు బొగ్గు గనులలో 1986 దాకా విషవాయువులను పసికట్టటానికి కానరీ పిట్టలను ఉంచింది అందుకే.

ఇంకొక మాట. మన రామచిలుకను పంజరంలో పెంచటం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతుంది. జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం లాంటి చోట చెట్ల మీదనే దాన్ని చూసి సంతోషించాలి.

మా ఆకుపచ్చ పిట్ట తరవాత నాలుగేళ్ళు బతికింది. ఇప్పుడు మా పిల్లలు పిట్టలను పెంచుతున్నారు. "గింజలు ఉన్నాయా?" అని వాళ్ళను నేను అడగను. "గిన్నె ఊదారా?" అని అడుగుతాను. మీరూ రేపు పొద్దున ఒకసారి ఊది చూడండి.