చిల్లై కలాన్‌లో నికాహ్

కశ్మీరు లోయలో చలికాలం మూడు పేర్లతో వస్తుంది. డిసెంబరు 21న మొదలై నలభై రోజులు సాగే తీవ్రమైన చలిని 'చిల్లై కలాన్' అంటారు. దాని తరువాతి ఇరవై రోజులు 'చిల్లై ఖుర్ద్', ఆపై వచ్చే పది రోజులు 'చిల్లై బచ్చా'. పెద్ద చలి, చిన్న చలి, పసి చలి అన్నమాట. పెద్ద చలి రోజుల్లో కొళాయి గొట్టాలలో నీరు గడ్డకడుతుంది. దాల్ సరస్సు అంచుల వెంట మంచుపలక ఏర్పడి, పడవ నడిపేవారు తెడ్డుతో దానిని పగులగొట్టుకుంటూ సాగవలసి వస్తుంది. రాత్రివేళ సున్నాకు ఐదారు డిగ్రీల దిగువకు ఉష్ణోగ్రత పడిపోవడం అక్కడ విశేషమేమీ కాదు.

అందువల్ల కశ్మీరీలు తమ ఇళ్లలోని వివాహాలను ఎక్కువగా వేసవి ఆరంభంలోనో, పంటలు ఇంటికి చేరే శరదృతువులోనో జరుపుకుంటారు. చిల్లై కలాన్ నడిమధ్యలో నికాహ్ అంటే దాని వెనుక ఏదో ఒక బలమైన కారణం ఉండి తీరాలి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో నాతోపాటు చదువుకున్న శ్రీనగర్ మిత్రుడు తన కుమార్తె నికాహ్‌కు ఈ జనవరిలో రమ్మని కబురు పంపినప్పుడు, ఆ కారణం కూడా తెలిపాడు. ఎనభై దాటిన ఆయన తల్లి శరీరం రోజురోజుకూ కృశిస్తోంది. వసంతం దాకా ఆగుదామని బంధువులు అన్నారు. "అమ్మాయి నికాహ్‌ను అమ్మ కళ్లారా చూడాలి భాయీ. మంచు కరిగేదాకా ఆగమని నేను అల్లాహ్‌తో ఒప్పందం చేసుకోలేదు కదా!" అన్నాడు మిత్రుడు.

కొండలను దాటి

ఇదివరకు చలికాలంలో శ్రీనగర్ చేరడమే పెద్ద పరీక్ష. మంచు కురిస్తే జమ్మూ రహదారి మూతపడేది. పొగమంచు కమ్మితే విమానాలు రద్దయ్యేవి. ఆ కష్టాలు నేటికీ పూర్తిగా తొలగిపోలేదు గాని, 2025 జూన్‌లో కట్రా నుండి శ్రీనగర్‌కు రైలు నడవడం మొదలైన తరువాత యాత్రికులకు మరొక మార్గం ఏర్పడింది. నేనూ మా శ్రీమతీ గుంటూరు నుండి ఢిల్లీ మీదుగా కట్రా చేరి, ఆ రైలు ఎక్కాము. నదీగర్భం నుండి 359 మీటర్ల ఎత్తున చీనాబ్ మీద కట్టిన వంపు వంతెనను రైలు దాటుతున్నంతసేపూ పెట్టెలో ఎవరూ మాట్లాడలేదు. బనిహాల్ దాటాక పదకొండు కిలోమీటర్లకు పైగా పొడవున్న పీర్ పంజాల్ సొరంగంలోకి ప్రవేశించే వేళకు వెలుపల రాతికొండల మీద ఎండ ఉంది. సొరంగం ఆవలి చివరన వెలుగులోకి వచ్చేసరికి పొలాలు, పోప్లార్ చెట్లు, ఇంటి కప్పులు అన్నీ మంచు కింద ఉన్నాయి.

మిత్రుని ఇల్లు పాతనగరంలో, జామియా మసీదుకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉంది. సుల్తాన్ సికందర్ కాలంలో నిర్మాణం మొదలైన ఆ మసీదులో 378 దేవదారు స్తంభాలున్నాయి. చలికాలపు ఉదయం ఆ స్తంభాల నడుమ నిలబడితే మనిషి ఊపిరి ఆవిరిగా పైకి లేస్తూ కనిపిస్తుంది. మేము వెళ్లిన మరునాడే ఆ వీధుల్లో తెల్లవారుజామున హరీసా రుచి చూశాము. మాంసాన్ని బియ్యంతో, సోంపుతో, యాలకులతో రాత్రంతా ఉడికించి మెదిపి, పైన కాగిన నూనె పోసి, రొట్టెతో వడ్డిస్తారు. మన హైదరాబాదు హలీముకు ఇది దగ్గరి చుట్టమే. అయితే మనకు హలీము రంజాన్ మాసపు సాయంకాలాన్ని గుర్తుచేస్తుంది, వారికి హరీసా చిల్లై కలాన్ ఉదయాన్ని గుర్తుచేస్తుంది.

అరవై మందికే ఆహ్వానం

కశ్మీరీ పెళ్లివిందు 'వాజ్వాన్' ఖ్యాతి లోకవిదితం. తరతరాలుగా ఈ వృత్తిలో ఉన్న 'వాజా'లు, వారి పెద్ద అయిన 'వస్తా వాజా' ఆధ్వర్యంలో, పెరటిలో కట్టెల పొయ్యిలు పేర్చి, కళాయి పూసిన రాగి డేగిశాలలో వండుతారు. మాంసాన్ని రాతి మీద కొయ్య సుత్తితో మెత్తగా దంచి రిస్తా, గుష్తాబా ఉండలు చేస్తారు. 'త్రామీ' అనే పెద్ద రాగి పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుని కలిసి తింటారు. పెరుగు పులుసులో తేలే గుష్తాబా వచ్చిందంటే మాంసపు వంటకాలు ముగిసినట్లే.

ఇంత అందమైన సంప్రదాయమే కాలక్రమంలో ఆడపిల్లల తండ్రులకు భారమైంది. వంటకాల సంఖ్య ముప్పై దాకా పెరిగింది. అతిథుల సంఖ్యకు అంతు లేకపోయింది. 2017 ఫిబ్రవరిలో అప్పటి జమ్మూ కశ్మీర్ ప్రభుత్వం అమ్మాయి పెళ్లికి 500, అబ్బాయి పెళ్లికి 400 మందిని మించి పిలవరాదని ఉత్తర్వు ప్రకటించవలసి వచ్చిందంటే, పరిస్థితి ఎంతవరకు వెళ్లిందో ఊహించవచ్చు. మరోవైపు ప్రభుత్వం కోసం ఎదురుచూడని ఊళ్లూ ఉన్నాయి. గాందర్‌బల్ జిల్లాలో, పష్మీనా శాలువాల పనితో జీవించే బాబావాయిల్ గ్రామస్థులు కట్నం ఇవ్వబోమనీ తీసుకోబోమనీ తమలో తాము కట్టడి చేసుకుని, స్టాంపు కాగితం మీద రాసుకుని, దశాబ్దాలుగా దానికి కట్టుబడి ఉన్నారు.

మా మిత్రుని ఇంట ఆ పని చలికాలమే సగం చేసిపెట్టింది. మంచులో పెద్ద షామియానా నిలవదు. దాదీ ఇల్లు దాటి హాలుకు రాలేరు. కనుక ఇంట్లో పట్టినంత మందే అతిథులు. ఆ సంఖ్య అరవై అని తేలింది. వరుని వైపు నుండి పదిహేను మంది. వంటకాలు ఏడు. ఈ నిర్ణయం అందరికీ రుచించలేదు. తన వ్యాపార మిత్రులను పిలవలేకపోయినందుకు అమ్మాయి మేనమామ రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. "రేపు నలుగురిలో నా తల ఎత్తుకోవడం ఎలా?" అన్నది ఆయన బాధ. మిత్రుడు వాదించలేదు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) పెళ్లి సంగతి విన్నప్పుడు దైవప్రవక్త (స) ఒక్క మేకతోనైనా వలీమా చేయమని చెప్పిన సంగతిని మాత్రం గుర్తుచేసి ఊరుకున్నాడు.

నికాహ్‌కు ముందురాత్రి అడుగు మందాన మంచు కురిసింది. ఫజ్ర్ నమాజుకు లేచిన మేము కిటికీలోంచి చూస్తే, వాకిలి నుండి వీధి దాకా ఎవరో పారతో దారి చేస్తున్నారు. ఆయన ఆ మేనమామే.

వేళను ఎంచుకున్న తీరు

పూర్వం వరుడు రాత్రివేళ బరాత్‌తో రావడం అక్కడ వాడుక. ఈ నికాహ్‌ను మాత్రం జుహర్ నమాజు తరువాతకు నిర్ణయించారు. జనవరిలో అక్కడ సాయంత్రం ఆరు గంటల లోపే సూర్యుడు అస్తమిస్తాడు. పగలు కరిగిన మంచునీరు మగ్రిబ్ తరువాత రోడ్డు మీద మళ్లీ గడ్డకట్టి గాజులా జారుతుంది. వృద్ధులు, చంటిపిల్లల తల్లులు వెలుగుండగానే ఇల్లు చేరాలి. నమాజు వేళల మధ్య చిక్కిన ఆ రెండు గంటలే ఫొటోలకు కూడా మంచి వెలుగునిచ్చాయి.

పురుషులు కూర్చున్నది 'హమామ్' గదిలో. దాని రాతి నేల కింద కట్టెల మంట ఉంటుంది. నేల వెచ్చబడి, ఆ వెచ్చదనం గంటల తరబడి నిలుస్తుంది. మిగిలిన గదులలో ప్రతి ఒక్కరి 'ఫిరన్' కింద ఒక కాంగ్డీ ఉంది. వెదురులా అల్లిన సన్నని పుల్లల బుట్టలో మట్టిపాత్ర, అందులో బొగ్గుల నిప్పు. కాంగ్డీ ఎంత ప్రియమైనదో అంత జాగ్రత్త కోరేది కూడా. మూసిన గదిలో బొగ్గుల నిప్పు పెట్టుకుని నిద్రిస్తే విషవాయువు ప్రాణాలు తీస్తుంది. మిత్రుడు ప్రతి రాత్రీ అతిథుల గదులన్నీ తిరిగి, కాంగ్డీలను తానే బయటికి చేర్చి, కిటికీ రెక్క కొంచెం తీసి ఉంచేవాడు. మన్యం ప్రాంతాలలో చలికి కుంపటి వాడే మన సోదరులకూ ఇది వర్తిస్తుంది.

వకీలు, ఇద్దరు సాక్షులు లోపలికి వెళ్లి అమ్మాయి సమ్మతిని విని వచ్చారు. మహర్ మొత్తాన్ని వరుడు అక్కడికక్కడే చెల్లించాడు. ఖుత్బా పూర్తయ్యేదాకా ఒక్క ఫ్లాష్ కూడా వెలగలేదు. ఈజాబ్, ఖుబూల్ ముగిసి దుఆకు చేతులెత్తినప్పుడు, సమోవార్‌లో కాగుతున్న కహ్వా చప్పుడు తప్ప ఇంట్లో మరో శబ్దం లేదు.

ఫొటోలు ఎవరివి?

స్త్రీల వైపు విశేషాలు నాకు మా శ్రీమతి చెప్పినవే. అక్కడ ఫొటోలు తీసింది అమ్మాయి పినతండ్రి కుమార్తె. కళాశాల విద్యార్థిని. అందరికీ ముందే చెప్పిన నియమాలు మూడు: అడగకుండా ఎవరి ఫొటో తీయరాదు, ఇతరులెవరూ ఫోన్లు బయటికి తీయరాదు, స్త్రీల ఫొటోలు ఇంటి ఆల్బం దాటి ఎక్కడికీ వెళ్లరాదు. నియమాల వల్ల సంతోషం తగ్గిందా అని అడిగాను. "కెమెరా ఎటు తిరుగుతుందోనన్న బెంగ లేకపోయేసరికి అందరూ మనసారా నవ్వుకున్నారు, పాటలు పాడుకున్నారు" అన్నది ఆమె సమాధానం. స్త్రీలు బృందంగా పాడే 'వన్‌వున్' పాటలు మా గది దాకా వినిపిస్తూనే ఉన్నాయి.

మంచులో ఫొటో తీయడంలోని మెళకువలను ఆ అమ్మాయి మా శ్రీమతికి ఓపికగా వివరించింది. తెల్లని మంచును చూసి కెమెరా వెలుగు ఎక్కువైందని భ్రమపడి చిత్రాన్ని బూడిదరంగుకు దించుతుంది. కనుక ఎక్స్‌పోజర్‌ను ఒకటి, ఒకటిన్నర స్టాపులు పెంచుకోవాలి. చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. అదనపు బ్యాటరీని ఫిరన్ లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉంచుకోవాలి. బయటి నుండి హమామ్‌లోకి వచ్చేముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టి, అది గది వేడికి అలవాటుపడిన తరువాతే తీయాలి. లేకుంటే లెన్సు మీద చెమ్మ పడుతుంది. బయటి మంచు మీద పడి కిటికీలోంచి వచ్చే వెలుగు ముఖాలకు ఎంతో మృదువుగా ఉంటుంది. దాని ముందు ఏ దీపమూ అక్కరలేదు. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఆమె కంగారు పడకపోవడానికి కారణం ఇదే.

పురుషుల వైపు తీసిన ఫొటోలలో నాకు నచ్చినది వాకిట్లో విడిచిన చెప్పులూ బూట్లూ వరుసగా ఉన్న చిత్రం. అరవై జతల మీదా మంచు పొడి. ఒక్కరి ముఖమూ కనిపించకపోయినా ఎంతమంది ప్రేమతో నడిచి వచ్చారో అది చెబుతుంది.

దాదీ తన జీవితంలో గుర్తింపు కార్డుకు తప్ప ఫొటో దిగలేదట. ఆ రోజు మాత్రం మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కటి తీయమని తానే అడిగారు. అయితే ఒక షరతు: "అది ఫోన్లో ఉండకూడదు. కాగితం మీద ఉండాలి. అమ్మాయి తన పెట్టెలో పెట్టుకోవాలి." మరునాడే ఒకే ఒక్క ప్రతి ముద్రించి, ఫోన్లోనూ కెమెరాలోనూ దానిని తుడిచివేశారు. ఆ చిత్రాన్ని నేను చూడలేదు; చూడవలసిన పనీ లేదు.

మనం తెచ్చుకోదగినది

విందు ముగిశాక త్రామీలలో మిగిలిన మాంసాన్ని అతిథులు సంచులలో ఇంటికి తీసుకెళ్లారు. డేగిశాలలో మిగిలినది వీధిలోని పేద ఇళ్లకు అసర్ లోపే చేరింది. ధనికులను పిలిచి పేదలను విస్మరించే వలీమా విందును దైవప్రవక్త (స) అతి చెడ్డ విందుగా పేర్కొన్నారు. మరునాటి వలీమాలో వరుని తండ్రి తన వీధిలోని కూలీలను ముందు వరుసలో కూర్చోబెట్టారు.

మన తెలుగునాట కూడా డిసెంబరు, జనవరి నెలల్లో నికాహ్‌లు జోరుగా జరుగుతాయి. మనకు మంచు లేదు. దారులు మూతపడవు. షామియానాలు కూలవు. అందువల్లనేమో అతిథుల జాబితాకు హద్దు గీసేవారు లేరు. ఫంక్షన్ హాలు అద్దె, డ్రోన్ కెమెరా, 'జోడే కీ రఖమ్' పేరిట చేతులు మారే సొమ్ము అన్నీ కలిసి, ఒక్క సాయంకాలం కోసం ఆడపిల్ల తండ్రిని ఏళ్ల తరబడి అప్పులలో ముంచుతున్నాయి. శ్రీనగర్‌లో ఆ హద్దును చలి గీసింది. మన ఇళ్లలో దానిని మన విచక్షణే గీయాలి. నికాహ్‌లలో సులభమైనదే శ్రేష్ఠమైనదన్న ప్రవక్త (స) బోధ ఏ ఒక్క ఋతువుకో పరిమితమైనది కాదు.

చలికాలంలో కొత్త అల్లుని ఇంటికి హరీసా పంపడం కశ్మీరీల ఆచారం. మేము తిరిగివచ్చిన పది రోజులకు మిత్రుడు ఫోన్ చేశాడు. ఆ ఉదయమే హరీసా పంపారట. దాదీ మంచం మీదే కూర్చుని, ఉప్పు సరిపోయిందో లేదో ముందు తానే రుచి చూసి, ఆ తరువాతే గిన్నెకు మూత పెట్టనిచ్చారట.

ఆ తల్లికి అల్లాహ్ ఆరోగ్యాన్నిచ్చుగాక! మన ఇళ్లలోని వివాహాలను సులభతరం చేసి, వాటిలో శుభాన్ని నింపుగాక! ఆమీన్.